పెద్ద ఫైలు సర్వర్‌కు చేరాలంటే

వెబ్ హోస్టింగ్ ఖాతా అంటే ఎక్కడో ఒక డేటా సెంటర్‌లో రాత్రింబవళ్లు నడిచే కంప్యూటర్‌లో అద్దెకు తీసుకున్న కొంత జాగా. ఇంట్లోని కంప్యూటర్ నుంచి ఫైలును అక్కడికి చేర్చడమే అప్‌లోడ్. ఒక వ్యాసం, నాలుగు ఫొటోలు అయితే కంట్రోల్ ప్యానెల్‌లో ఫైల్ మేనేజర్ తెరిచి బటన్ నొక్కితే సరిపోతుంది. అదే బటన్‌తో ఆరువందల మెగాబైట్ల సైటు బ్యాకప్పో, గంటన్నర వీడియోనో పంపబోతే తంటా మొదలవుతుంది. తొంభై శాతం దాకా వెళ్లి ఆగిపోవచ్చు, ‘413’ అనే అంకె కనబడవచ్చు. ఒక్కోసారి మాటాపలుకూ లేకుండా ఖాళీ పేజీ వస్తుంది. ఖాతాలో జాగా బోలెడంత మిగిలి ఉన్నా ఇలాగే జరుగుతుంది. ఇల్లు ఎంత విశాలమైనా గుమ్మంలో పట్టని బీరువా లోపలికి రాదు కదా!

బ్రౌజర్ నుంచి బయల్దేరిన ఫైలుకు ఇలాంటి గుమ్మాలు రెండు మూడు ఎదురవుతాయి. మొదటిది వెబ్ సర్వర్. చాలా సైట్ల ముందు నిలబడే ఇంజిన్‌ఎక్స్ సర్వర్, ఎవరూ మార్చకపోతే ఒక్క మెగాబైటుకు మించిన దాన్ని రానివ్వదు. పంపింది మరీ పెద్దది అని అది చెప్పే మాటే ఆ 413. రెండోది, సైటును నడిపే పీహెచ్‌పీ. దాని సొంత లెక్క ప్రకారం ఒక ఫైలుకు 2 మెగాబైట్లు, మొత్తం ఫారానికి 8 మెగాబైట్లు హద్దు. హోస్టింగ్ కంపెనీలు సాధారణంగా ఈ హద్దులను పెంచే ఇస్తాయి. ఖాతాదారు మళ్లీ పెంచుకునేటప్పుడు తరచూ ఒక పొరపాటు జరుగుతుంది. ఫైలు హద్దును 64 చేసి, ఫారం హద్దును 8 దగ్గరే వదిలేస్తారు. ఫారం హద్దు దాటితే పీహెచ్‌పీ వచ్చినదాన్నంతా పక్కన పడేస్తుంది. ప్రోగ్రాం చేతికి ఖాళీ ఫారమే అందుతుంది. ఆ ఖాళీ పేజీ వెనకున్న రహస్యం చాలాసార్లు ఇదే. సైటుకు ముందు క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సేవ ఉంటే ఇంకో గుమ్మం కూడా ఉన్నట్టే. దాని ఉచిత పథకంలో హద్దు 100 మెగాబైట్లు.

పీహెచ్‌పీకి 30 సెకన్ల గడువు కూడా ఉంది. అప్‌లోడ్ మధ్యలో ఆగితే నింద దాని మీదే పడుతుంది కానీ, ఆ గడియారం మొదలయ్యేది ఫైలు పూర్తిగా చేరి ప్రోగ్రాం పని మొదలుపెట్టాకే. ఫైలు వస్తున్నంత సేపూ లెక్కించే గడువు వేరే ఉంది. ఈ హద్దులన్నీ పిసినారితనమేమీ కాదు. షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే సర్వర్‌ను అనేక సైట్లు పంచుకుంటాయి కాబట్టి, ఒకరి బరువు అందరి నెత్తిన పడకుండా పెట్టినవే.

గుమ్మాల సంగతి అలా ఉంచితే, దారికి కూడా ఒక లెక్క ఉంది. ఇంటర్నెట్ వేగాన్ని మెగాబిట్లలో చెబుతారు, ఫైలు పరిమాణాన్ని మెగాబైట్లలో. ఒక బైటుకు ఎనిమిది బిట్లు. ఒక గిగాబైటు ఫైలు అంటే దాదాపు 8,000 మెగాబిట్లు. అప్‌లోడ్ వేగం సెకనుకు 10 మెగాబిట్లయితే 800 సెకన్లు, అంటే పదమూడు నిమిషాల పైమాటే. రెండే మెగాబిట్లయితే గంటా ఏడు నిమిషాలు. ప్రకటనల్లో పెద్దక్షరాలతో కనిపించేది ఎక్కువగా డౌన్‌లోడ్ వేగం. టెలిఫోన్ తీగల మీద నడిచే ఏడీఎస్‌ఎల్ కనెక్షన్లలోనైతే అప్‌లోడ్‌కు దక్కేది అందులో చిన్న వాటా. గంటసేపు సాగే పనిలో లైను ఒక్కసారైనా తెగడం వింతేమీ కాదు. మామూలు బ్రౌజర్ ఫారంలో తెగితే మళ్లీ మొదటికే.

అందుకే పెద్ద ఫైలుకు బ్రౌజర్ బటన్ సరైన దారి కాదు. దీనికోసమే పుట్టిన పద్ధతి వెబ్‌కన్నా పాతది. ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్‌లో చదివి అమెరికాలోని ఎంఐటీకి వెళ్లిన అభయ్ భూషణ్, 1971 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 114 అనే పత్రంలో ఎఫ్‌టీపీకి తొలి రూపం ఇచ్చారు. నేటికీ ఆధారంగా ఉన్న ప్రమాణం 1985 అక్టోబర్ నాటిది. ఈ దారిలో పీహెచ్‌పీ హద్దులు తగలవు. సర్వర్ ఒప్పుకుంటే, తెగిన చోటి నుంచే మళ్లీ అందుకోవచ్చు. లోపమల్లా ఒక్కటే, పాస్‌వర్డ్ కూడా దాపరికం లేకుండా తీగ మీద వెళ్తుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ 2021లో ఎఫ్‌టీపీని వదిలేశాయి. ఇప్పుడు వాడవలసింది ఎస్‌ఎఫ్‌టీపీ. పేరు దగ్గరగా ఉన్నా ఇది వేరే పద్ధతి. ఎస్‌ఎస్‌హెచ్ అనే రహస్య మార్గం రక్షణలో, మామూలుగా 22వ పోర్టు మీద నడుస్తుంది. ఫైల్‌జిల్లా, విన్‌ఎస్‌సీపీ లాంటి ఉచిత ప్రోగ్రాముల్లో హోస్ట్ పేరు, యూజర్ పేరు, పాస్‌వర్డ్, పోర్టు ఇస్తే ఒకవైపు సొంత కంప్యూటర్, మరోవైపు సర్వర్ కనిపిస్తాయి. ఇటు నుంచి అటు లాగడమే. పాత ఎఫ్‌టీపీయే గతి అయితే జిప్, ఫొటో, వీడియో ఫైళ్లను బైనరీ పద్ధతిలోనే పంపాలి. టెక్స్ట్ పద్ధతి వరుసల చివరి గుర్తులను మార్చేస్తుంది, దాంతో అలాంటి ఫైలు పాడవుతుంది.

ఒక్క పెద్ద ఫైలుకన్నా వేల చిన్న ఫైళ్లు ఎక్కువ విసిగిస్తాయి. ప్రతి ఫైలుకూ సర్వర్‌తో విడిగా మాటామంతీ జరగాలి మరి. వాటిని ఒక జిప్‌లో మూటగట్టి పంపి, అక్కడ ఫైల్ మేనేజర్‌తో విప్పడం మేలు. జేపెగ్ ఫొటోలు, ఎంపీ4 వీడియోలు ముందే కుదించినవి కాబట్టి జిప్ చేసినా బరువు తగ్గవు, ఫైళ్ల లెక్కే తగ్గుతుంది. డేటాబేస్ బ్యాకప్ మాత్రం అంతా అక్షరాలే కనుక బాగా చిక్కిపోతుంది. ఫైలు ఇప్పటికే మరో సర్వర్‌లో ఉంటే దాన్ని ఇంటికి దింపి మళ్లీ ఎక్కించడం వృథా ప్రయాస. ఎస్‌ఎస్‌హెచ్ సౌకర్యం ఉన్న ఖాతాలో విగెట్ ఆదేశంతో నేరుగా అక్కడికే రప్పించవచ్చు. అందరూ చూడాల్సిన వీడియో అయితే అసలు హోస్టింగ్ ఖాతాలో పెట్టకుండా, యూట్యూబ్‌లో ఉంచి పేజీలో అతికించడమే తెలివైన పని.

తెలుగులో పేరు పెట్టిన ఫైళ్లకు ఇంకో చిక్కుంది. లినక్స్ సర్వర్లలో ఫైలు పేరు సాధారణంగా 255 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కొక్కటీ మూడు బైట్లు తింటుంది. ఒత్తులు, గుణింతాలు అన్నీ విడివిడి గుర్తులే. చూడ్డానికి రెండక్షరాలున్న ‘లక్ష్మి’ అక్కడ ఏడు గుర్తులు, 21 బైట్లు. వెబ్ చిరునామాలో కోడ్‌గా మారితే అది 63 అక్షరాలవుతుంది. విండోస్‌లో హాయిగా ఇమిడిన పొడవాటి తెలుగు శీర్షిక సర్వర్ మీద ఇమడకపోవచ్చు. శీర్షికను పేజీలో తెలుగులోనే ఉంచి, ఫైలుకు మాత్రం పొట్టి ఇంగ్లిష్ పేరు పెట్టడం క్షేమం. అందులోనూ చిన్నబడి, పెద్దబడి అక్షరాలను లినక్స్ వేర్వేరుగా చూస్తుందని మరవకూడదు.

ఫైలు చేరాక అది సరిగ్గా చేరిందా అని చూడాలి. రెండు చోట్లా పరిమాణం సరిపోల్చడం కనీస జాగ్రత్త. ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే షా-256 వేలిముద్రను పోల్చితే ఇక అనుమానం ఉండదు. విండోస్‌లో సెర్ట్‌యుటిల్, లినక్స్‌లో షా256సమ్ ఆదేశాలు ఆ 64 అక్షరాల ముద్రను చూపిస్తాయి. చివరగా, సైటు బ్యాకప్ జిప్‌ను విప్పిన తర్వాత పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్‌లోంచి వెంటనే తీసేయాలి. డేటాబేస్ పాస్‌వర్డ్‌తో సహా అన్నీ అందులో ఉంటాయి. దాని పేరు ఊహించగలిగిన వారెవరైనా బ్రౌజర్‌లో టైపు చేసి దించుకోగలరు.