పాలకులతో పాటు మారిన భాష: ఫిలిప్పీన్స్ సాహిత్య ప్రస్థానం

ఫిలిప్పీన్స్ జాతీయ వీరుడు హోసే రిజాల్ రచనలను ఆ దేశ విద్యార్థులందరూ చదవాలి. 1956లో చేసిన చట్టం పాఠశాలలకు, కళాశాలలకు, విశ్వవిద్యాలయాలకు ఈ బాధ్యతను అప్పగించింది. అయితే రిజాల్ తన నవలలను స్పానిష్‌లో రాశారు. ఆ భాష తెలిసినవారు నేడక్కడ చాలా తక్కువ. విద్యార్థులు వాటిని ఫిలిపినో లేదా ఆంగ్ల అనువాదాల్లో చదువుతున్నారు. ఒక జాతిని మేల్కొలిపిన నవలలను ఆ జాతే అనువాదంలో చదువుకోవలసి రావడం ఎలా జరిగింది? ఆ దేశ సాహిత్య చరిత్రను పరిశీలిస్తే సమాధానం దొరుకుతుంది.

వైద్య విద్య కోసం తెలుగు రాష్ట్రాల నుంచి ఎందరో విద్యార్థులు వెళుతున్న దేశమది. 7,600కు పైగా దీవులు, 170కి మించిన భాషలు ఉన్న ఆ దేశ సాహిత్యం మాత్రం మనకు అంతగా పరిచయం లేదు.

రాగి రేకు, మౌఖిక కావ్యాలు

ఆ దేశంలో లభించిన అతి ప్రాచీన లిఖిత పత్రం లగునా ప్రాంతంలో 1989లో బయటపడిన రాగి రేకు. దానిపై ఉన్న తేదీ శక సంవత్సరం 822, అంటే క్రీ.శ. 900. దక్షిణ భారతదేశపు పల్లవ లిపి నుంచి రూపొందిన కావి లిపిలో, ప్రాచీన మలయ్ భాషలో, సంస్కృత పదాలతో దానిని రాశారు. నమ్వరన్ అనే వ్యక్తి, అతని సంతానం బాకీ నుంచి విముక్తులయ్యారన్నది అందులోని సారాంశం. తరువాతి కాలంలో వాడుకలోకి వచ్చిన బైబాయిన్ లిపి కూడా బ్రాహ్మీ కుటుంబానికి చెందినదే.

సాహిత్యం మాత్రం ప్రధానంగా మౌఖికంగానే సాగింది. ఉత్తరాన కొండవాలు వరి మళ్లను సాగు చేసే ఇఫుగావ్ ప్రజలు నాట్లు, కోతల వేళల్లో, మృతుల వద్ద జాగరణ సమయంలో 'హుద్హుద్' గేయాలు పాడతారు. ఇవి రెండు వందలకు పైగా ఉన్నాయి. ఒక్కో గేయంలో 40 ఘట్టాలుంటాయి. దక్షిణాన మిందనావ్ దీవిలోని మరనావ్ ప్రజల 'దరంగెన్' 72 వేల పంక్తుల మహాకావ్యం. ఈ రెండింటినీ యునెస్కో మానవాళి అమూర్త వారసత్వ సంపదగా గుర్తించింది. మరనావ్ ప్రజల్లోనే 'మహారాదియా లావనా' అనే రామాయణ గాథ ప్రచారంలో ఉంది. పండితుడు హువాన్ ఫ్రాన్సిస్కో దానిని 1960వ దశకంలో సేకరించి వెలుగులోకి తెచ్చారు.

స్పానిష్ పాలన, రిజాల్ నవలలు

1565లో స్పానిష్ పాలన మొదలైంది. 1593లో మనీలాలో చెక్క అచ్చులతో ముద్రించిన 'దొక్త్రినా క్రిస్తియానా' అనే మతబోధ గ్రంథంలో స్పానిష్, తగలోగ్ భాషలు, రోమన్, బైబాయిన్ లిపులు పక్కపక్కనే కనిపిస్తాయి. క్రమంగా రోమన్ లిపి స్థిరపడగా, బైబాయిన్ చాలా ప్రాంతాల్లో కనుమరుగైంది. మతబోధకులు ప్రజలకు స్పానిష్ నేర్పడం కన్నా తామే స్థానిక భాషలు నేర్చుకున్నారు. అందువల్ల మూడు శతాబ్దాలు గడిచినా స్పానిష్ కొద్దిమంది విద్యావంతుల భాషగానే మిగిలింది.

1838లో ఫ్రాన్సిస్కో బలగ్తాస్ తగలోగ్‌లో 'ఫ్లోరాంతే అట్ లౌరా' అనే కావ్యం వెలువరించారు. కథ జరిగేది అల్బేనియాలో. కానీ అందులోని నిరంకుశత్వ వర్ణన స్పానిష్ పాలనను ఉద్దేశించినదేనని విమర్శకులు భావిస్తారు.

రిజాల్ ఈ విమర్శను బాహాటం చేశారు. మిత్రుడు మాక్సిమో వియోలా ఇచ్చిన డబ్బుతో 1887లో బెర్లిన్‌లో 'నోలీ మే తాంగెరే' 2,000 ప్రతులు అచ్చయ్యాయి. రెండో నవల 'ఎల్ ఫిలిబుస్తెరిస్మో' 1891లో బెల్జియంలోని ఘెంట్ నగరంలో వెలువడింది. మతాధికారుల దౌర్జన్యాన్ని, వలస పాలన అన్యాయాలను చిత్రించిన ఈ పుస్తకాలను ప్రభుత్వం నిషేధించింది. 1896 డిసెంబరు 30న, 35 ఏళ్ల వయసులో, రిజాల్‌ను మనీలాలో కాల్చి చంపారు. ఆయన చివరి కవిత ఒక చిన్న స్టవ్‌లో దాచిన కాగితంపై కుటుంబానికి చేరింది.

ఒక్క తరంలో ఆంగ్లం

1898లో స్పెయిన్ ఈ దీవులను రెండు కోట్ల డాలర్లకు అమెరికాకు అప్పగించింది. 1901లో 'థామస్' అనే నౌకలో సుమారు 500 మంది అమెరికన్ ఉపాధ్యాయులు వచ్చారు. బడులన్నింటా ఆంగ్లం బోధనా భాష అయింది. 1925లో పాస్ మార్కెస్ బెనితెస్ రాసిన 'డెడ్ స్టార్స్' ఆంగ్లంలో తొలి ఆధునిక ఫిలిపినో కథగా పేరొందింది. ఆంగ్ల పాఠకులు పెరిగిన కొద్దీ స్పానిష్ పాఠకులు తగ్గిపోయారు. రిజాల్ తన జాతికే అనువాద రచయిత కావడానికి కారణమిదే.

తగలోగ్ రచయితలు మౌనం వహించలేదు. 1903లో అమెరికన్ పాలనను నిరసించే నాటకం ప్రదర్శించినందుకు ఔరేలియో తొలెంతినో జైలు పాలయ్యారు. 1906లో లోపె సాంతోస్ నవల 'బనాగ్ అట్ సికత్' కార్మికుల పక్షాన నిలిచింది.

స్వాతంత్ర్యం 1946లో లభించింది. 1972లో అధ్యక్షుడు ఫెర్డినాండ్ మార్కోస్ సైనిక శాసనం విధించాక రచయితలు మళ్లీ నిర్బంధాలు ఎదుర్కొన్నారు. 1976లో తనకు ప్రకటించిన జాతీయ కళాకారుడి గౌరవాన్ని స్వీకరించడానికి నిక్ హ్వాకిన్ ఒక షరతు పెట్టారు. నిర్బంధంలో ఉన్న కవి హోసే లకాబాను విడుదల చేయాలన్నదే ఆ షరతు. ప్రభుత్వం అంగీకరించింది. ఆ చీకటి రోజులను ఒక మధ్యతరగతి తల్లి కళ్లతో చూపిన లువల్హాతి బౌతిస్తా నవల 'దెకాదా 70' 1983లో పుస్తకంగా వెలువడింది.

మిగిలిన భాషల మాటేమిటి?

1987 రాజ్యాంగం ఫిలిపినోను జాతీయ భాషగా ప్రకటించింది. దానికి ఆధారం తగలోగ్. సెబువానో, ఇలోకానో, హిలిగైనాన్ వంటి భాషలకు కోట్ల సంఖ్యలోనో లక్షల సంఖ్యలోనో మాట్లాడేవారున్నా, పురస్కారాలు, ప్రచురణ అవకాశాలు ఆంగ్లానికి, ఫిలిపినోకే ఎక్కువగా దక్కుతున్నాయన్న అసంతృప్తి ఆ రచయితల్లో ఉంది. 1934లో మొదలైన ఇలోకానో వారపత్రిక 'బన్నవాగ్' వంటివి ఆ భాషలకు అండగా నిలిచాయి. చిన్న తరగతుల్లో మాతృభాషా బోధనను 2012లో ప్రవేశపెట్టగా, 2024లో వచ్చిన చట్టం ఆ నిబంధనను తొలగించి, ఫిలిపినో, ఆంగ్లాలకే తిరిగి ప్రాధాన్యమిచ్చింది.

2025 అక్టోబరులో జర్మనీలో జరిగిన ఫ్రాంక్‌ఫర్ట్ పుస్తక ప్రదర్శనలో ఫిలిప్పీన్స్ గౌరవ అతిథి దేశంగా పాల్గొంది. రిజాల్ తొలి నవల అచ్చయిన దేశంలోనే, 138 ఏళ్ల తరువాత, ఆ సాహిత్యానికి అంతర్జాతీయ గుర్తింపు దక్కింది. అయితే హుద్హుద్ గేయాలు పూర్తిగా తెలిసినవారు వృద్ధులు, వారి సంఖ్య కూడా స్వల్పం. ఆ గేయాలను వారి నుంచి నేర్చుకునే పిల్లలు ఉన్నప్పుడే ఫిలిప్పీన్స్ సాహిత్యం తన తొలి అధ్యాయాన్ని మూలభాషలో నిలుపుకోగలుగుతుంది. లేకుంటే రిజాల్ నవలల మాదిరిగా దానిని కూడా ముందు తరాలు అనువాదంలోనే చదువుకోవలసి వస్తుంది.