అధ్యాపకుడు లేని గ్రూపు

ఇంచుమించు ప్రతి తరగతికిని నేడు రెండు వాట్సాప్ గ్రూపు లుండును. మొదటిది అధ్యాపకుడున్నది, అందు హాజరు సంగతులు, అసైన్‌మెంటు గడువులు, వానికి 'ఓకే సార్' అను ప్రత్యుత్తరములు తప్ప వేరొక మాట పుట్టదు. రెండవది అధ్యాపకుడు లేనిది. పరీక్షకు ముందు రాత్రి 'అన్నా, నాలుగో యూనిట్ ఎవరి దగ్గరైనా ఉందా?' అని ఒక డడిగిన మరుక్షణమే, ఎవరో చేతితో వ్రాసికొన్న నోట్సు ఫోటోలు, కొన్ని వ్రేలినీడ పడి సగము మసకబారినవి, కొన్నిట లెక్కలోని ముఖ్యమైన మెట్టునకు ఎఱ్ఱసిరాతో సున్న చుట్టినవి, వరుసగా వచ్చి పడును. సామాజిక మాధ్యమములు చదువునకు పనికివచ్చునా యని అడిగినచో విద్యార్థులు అవుననియే చెప్పుదురు. కాని వారు మెచ్చుకొనునది ఈ రెండవ గ్రూపును. అందు తమ్మును గూడ చేర్చుమని అధ్యాపకులు కోరినచో, ఆ సాయంకాలమే మూడవది వెలయును.

దీనిని బద్ధకమని కొట్టివేయుట సులభము. కాని పల్లెటూర తెలుగు మాధ్యమమున ఇంటర్మీడియట్ ముగించి, ఇంజనీరింగు కళాశాలలో అడుగిడగానే ఆంగ్లోపన్యాసముల నడుమ చిక్కుకొనిన బాలిక సంగతి యేమి? లేచి సందేహ మడుగుటకు ఆమెకు విషయముకంటె భాషయే పెద్ద అడ్డు. 1968లో నెలకొనిన తెలుగు అకాడమి డిగ్రీ చదువులకు తెలుగున పుస్తకములు వెలువరించినది గాని, ఇంజనీరింగు మాత్రము ఇటీవలి వఱకు ఆంగ్లమును విడువలేదు. ఆ లోటును నేడు యూట్యూబులో, 'డయోడ్ ఉంది కదా, ఇది కరెంటుని ఒకవైపే పోనిస్తుంది' అని రెండు భాషలను కలగలిపి చెప్పు బోధకులు పూడ్చుచున్నారు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవుకయైన పిమ్మట ఆ పాఠము బస్సులోనైనను వినవచ్చును. బోధపడనిచోట వెనుకకు జరిపి ఎన్నిమారులు విన్నను విసుగుకొనువారు లేరు. ఐఐటీలును బెంగుళూరు ఐఐఎస్సీయు 2003లో ఆరంభించిన ఎన్‌పీటెల్ ఉపన్యాసములు లోతున వీనికంటె ఎంతయో మిన్న; అయినను గడువు ముంచుకొనివచ్చినపుడు విద్యార్థి వెదకుకొనునది పాండిత్యమును గాదు, తన యింటి మాటను. ఆ పాఠము ముగియకమునుపే ప్రక్కన సినిమా పాట పిలుచుచుండు ననుట వేరుగ చెప్పనక్కఱలేదు.

విద్యార్థులు వచ్చినదెల్ల నమ్ముదు రనుటయు సరికాదు. తరగతిలో బాగుగ చదువు పిల్ల పంపిన నోట్సునకును, 'ఫార్వర్డెడ్' అను ముద్రతో ఎచ్చటనుండియో వచ్చిన పీడీఎఫునకును గల భేదమును వారెఱుగుదురు; 'ఎవరు పంపారు?' అనునదియే వారి మొదటి ప్రశ్న. ఈపాటి జాగ్రత్త పెద్దలయందును ఎల్లవేళల కానరాదు. 2024 జూన్ 18న తొమ్మిది లక్షలమందికి పైగా వ్రాసిన యూజీసీ నెట్ పరీక్షను మరునాడే రద్దుచేసిరి. ప్రశ్నపత్రము ముందుగనే బయటపడి టెలిగ్రామున తిరిగినదని ప్రభుత్వము నమ్మెను. అట్లు తిరిగిన ప్రశ్నపత్రపు స్క్రీన్‌షాట్ ముందునాటిదిగా కనబడునట్లు దిద్దబడినదని తరువాత సీబీఐ తేల్చినది. అప్పటికే ఆలస్యమయ్యెను, ఆగస్టు 21 మొదలు అభ్యర్థులు పరీక్షను మరల వ్రాయవలసి వచ్చెను.