కొరత భయం వేళ దుకాణదారుని బాధ్యత

 

2023 జులై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. ప్రపంచ విపణికి చేరే బియ్యంలో దాదాపు 40 శాతం మన దేశం నుంచే వెళుతుంది. ఆ వార్త వెలువడిన వెంటనే అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు భారతీయ సరుకుల దుకాణాల ముందు బారులు తీరాయి. ఇంటికి ఒకటి రెండు సంచులు కొనేవారు ఐదేసి, పదేసి సోనా మసూరి సంచులను బండ్లకెక్కించుకున్నారు. కొన్ని దుకాణాలు ధరను అమాంతం పెంచాయి. మరికొన్ని ‘కుటుంబానికి ఒక్క సంచి’ అని తలుపుకు కాగితం అతికించాయి. నిజానికి ఆ రోజుకు గోదాముల్లోని సరుకు గోదాముల్లోనే ఉంది, సముద్రం మీది సరుకు ఓడల్లోనే ఉంది. కొరత ఇంకా రాలేదు. కొరత భయం మాత్రం వచ్చింది.

ఇటువంటి వేళ దుకాణదారుడు ధరను ఎలా నిర్ణయించాలి? ఎవరికి ఎంత అమ్మాలి? అమెరికాలోనూ, గల్ఫ్ దేశాల్లోనూ, మన ఊళ్లలోనూ కిరాణా వ్యాపారం చేస్తున్న మన సోదరులు అనేకులు ఉన్నారు గనుక ఈ ప్రశ్న మనకు పరాయిది కాదు.

ముందుగా నిల్వ సంగతి. అక్రమంగా సరుకు నిల్వ చేసేవాడు (ముహ్తకిర్) పాపాత్ముడని దైవప్రవక్త (స) స్పష్టం చేసిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. దానిని ఉల్లేఖించినవారు హజ్రత్ మఅ్‌మర్ (రజి). వారి నుంచి దానిని విని మనకు అందించిన సయీద్ బిన్ ముసయ్యిబ్ (రహ్మ) స్వయంగా సరుకు నిల్వ ఉంచేవారు. ‘మరి మీరు నిల్వ చేస్తున్నారే?’ అని అడిగినవారికి, ఈ హదీసు తెలిపిన మఅ్‌మర్ (రజి) కూడా నిల్వ చేసేవారని ఆయన జవాబిచ్చారు. వారు ఉంచినది నూనె వంటి సరుకనీ, హదీసులోని హెచ్చరిక మాత్రం జనం ఆహారానికి అలమటించే వేళ దానిని దాచి ధర పెరిగేదాకా ఎదురుచూసేవాని గురించి అనీ పండితులు వివరించారు. అంటే సరుకు కలిగి ఉండడం నేరం కాదు. వ్యాపారమంటేనే ముందుగా కొని తరువాత అమ్మడం కదా! ప్రజల ఇక్కట్టును తన లాభానికి పెట్టుబడిగా మార్చుకోవడమే నేరం.

కొనుగోలుదారునికీ ఇదే వర్తిస్తుంది. దైవప్రవక్త (స) బనూ నజీర్ తోటల ఖర్జూరాల నుంచి తన ఇంటివారికి ఏడాది గ్రాసం ప్రత్యేకించేవారని సహీహ్ బుఖారీ ద్వారా తెలుస్తోంది. మన పల్లెల్లోనూ కోతలయ్యాక ఏడాదికి సరిపడా ధాన్యం గాదెలో పోసుకోవడం, చింతపండు, మిరపకాయలు కాలంలోనే కొని దాచుకోవడం తరతరాల అలవాటు. సరుకు విరివిగా ఉన్నప్పుడు కొన్నవాడు ఎవరి నోటినీ కొట్టలేదు. పైగా రైతుకు మేలు చేశాడు. జనం వరుసలో నిలబడి ఉన్నప్పుడు అదే మనిషి పది సంచులు ఎత్తుకుపోతే అది వేరే మాట. కొరత వేళ అంగడిలో ఇతరులకు ఇబ్బంది కలిగేంతగా కొనడం తగదని హదీసు వ్యాఖ్యాతలు ఈ సందర్భంలోనే హెచ్చరించారు.

అక్రమ నిల్వ అనేది ఏయే సరుకులకు వర్తిస్తుంది? మనుషుల ఆహారానికీ, పశువుల మేతకూ మాత్రమేనని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయం. దాచడం వల్ల ప్రజలకు హాని కలిగే వస్తువు ఏదైనా సరే దీని కిందికే వస్తుందని ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) చెప్పారు. 2020లో మాస్కులకూ, మందులకూ పడిన తొక్కిసలాట చూసినవారికి అబూ యూసుఫ్ (రహ్మ) మాటలోని దూరదృష్టి వేరే చెప్పనక్కరలేదు. అమెరికాలో తుపాకీ తూటాలకు సైతం ఇలాంటి ఎగబాటు జరిగింది. 2012 చివర ఒక పాఠశాలలో జరిగిన కాల్పుల అనంతరం, ఆయుధ చట్టాలు బిగుస్తాయన్న భయంతో జనం తూటాలను పెట్టెలకు పెట్టెలు కొన్నారు. మరుసటి సంవత్సరం పాయింట్ 22 తూటాలు నెలల తరబడి దొరకలేదు. 2020లో మళ్లీ అదే జరిగింది. అక్కడి దుకాణాలు కూడా మనిషికి ఇన్ని పెట్టెలేనని పరిమితి పెట్టవలసి వచ్చింది. అయితే అటువంటి సరుకు విషయంలో ధర కన్నా ముందు తేల్చుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది. కల్లోల కాలంలో కల్లోలకారులకు ఆయుధాలు అమ్మడాన్ని హనఫీ ధర్మవేత్తలు అవాంఛనీయంగా పరిగణించారు. అక్కడ ఎంతకు అమ్ముతున్నామన్నది తరువాతి మాట, ఎవరికి అమ్ముతున్నామన్నది మొదటి మాట.

ఇక ధర విషయం. ఇది కొంత లోతుగా ఆలోచించవలసినది. మదీనాలో ధరలు పెరిగినప్పుడు ధర నిర్ణయించండని ప్రజలు దైవప్రవక్త (స)ను వేడుకున్నారు. ఆయన అంగీకరించలేదు. ధరల హెచ్చుతగ్గులు అల్లాహ్ చేతిలోనివని తెలిపి, ఎవరి ధనప్రాణాల విషయంలోనూ అన్యాయం చేశానన్న ఫిర్యాదు లేకుండా ప్రభువును కలుసుకోవాలని ఆశించారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటనను చూపి, ‘ఎంతకైనా అమ్ముకోవడం నా హక్కు’ అనే వ్యాపారులు లేకపోలేదు. కాని ఆ ఉల్లేఖనంలో వ్యాపారులు సరుకు దాచారని గాని, కుమ్మక్కయ్యారని గాని లేదు. సరుకు తగ్గి ధర పెరగడం వేరు, మనుషులు పెంచడం వేరని ఇమామ్ ఇబ్నె తైమియా (రహ్మ) సవివరంగా తెలిపారు. ఆహారం అమ్మేవారు మితిమీరినప్పుడు వివేకవంతులను సంప్రదించి అధికారి ధర నిర్ణయించవచ్చని హనఫీలూ అంగీకరించారు. విలువకు రెట్టింపు పుచ్చుకోవడాన్ని వారిలో కొందరు ఆ మితిమీరడానికి గుర్తుగా పేర్కొన్నారు.

మరి దుకాణదారుని మొర కూడా వినాలి. ‘ఈ సరుకు అమ్ముడుపోయాక మళ్లీ కొనాలంటే నాకు ఎక్కువ పడుతుంది. పాత ధరకే అమ్మితే అంగడి మూతపడుతుంది’ అని అతడంటాడు. ఇది న్యాయమైన మాటే. పాత సరుకును పాత ధరకే అమ్మి తీరాలని షరీఅత్ ఆజ్ఞాపించిందని మేము చెప్పజాలము. ఒక సంచి 16 డాలర్లకు కొని 18కి అమ్మేవాడనుకుందాం. టోకు వ్యాపారి కొత్త ధర 24 అని చెబితే ఇతడు 26కి అమ్మడంలో ఎవరూ తప్పు పట్టలేరు. టోకు వ్యాపారి నుంచి ఏ కబురూ రాకముందే, వరుస పొడవు చూసి 40 చేశాడంటే ఆ పై మొత్తం బియ్యానికి వెల కాదు, ఎదుటివాని భయానికి వెల. సంచికి రెండు డాలర్ల లాభం నిన్న చాలినప్పుడు నేడు ఎందుకు చాలదు?

ధర పెంచితే దురాశాపరులు తగ్గుతారనీ, అందరికీ కొంత మిగులుతుందనీ మరో వాదన ఉంది. పది కొనబోయినవాడు రెండింటితో ఆగవచ్చు, నిజమే. అయితే ధర అనే జల్లెడ దురాశను పట్టి ఆపదు, పేదరికాన్ని పట్టి ఆపుతుంది. పెద్ద కారులో వచ్చినవాడు రెట్టింపు చెల్లించి పదీ తీసుకుపోగలడు. నెలజీతంతో పిల్లలను సాకేవాడు ఒక్కటీ కొనలేక వెనుదిరుగుతాడు. పైగా ఎగుమతి ప్రభుత్వ ఉత్తర్వుతో ఆగినప్పుడు అంగడిలో ధర పెంచినంత మాత్రాన రేవులో ఓడ కదలదు. కాబట్టి ఇటువంటి వేళ ధర కన్నా పరిమితి మేలని మా అభిప్రాయం.

దీనికి దివ్య ఖుర్ఆన్‌లోనే ఒక జాడ ఉంది. కరవు కాలంలో ఈజిప్టు ధాన్యాగారాలు హజ్రత్ యూసుఫ్ (అలైహి) ఆధీనంలో ఉన్నాయి. తమ్ముణ్ణి వెంట తీసుకుపోతే ఒక ఒంటె మోత ధాన్యం అదనంగా వస్తుందని ఆయన సోదరులు తండ్రితో అన్నట్లు 12వ సూరా తెలుపుతోంది. తలకు ఒక ఒంటె మోత చొప్పున ఇచ్చేవారని వ్యాఖ్యాతలు దీని నుంచి గ్రహించారు. అడిగినంత ధర ఇచ్చేవారు దూరదేశాల నుంచి వస్తున్నా ఆయన వేలం పెట్టలేదు. కొలత నిండుగా కొలిచి, మనిషికింత అని ఇచ్చారు. అష్అరీ తెగవారి ఉదంతమూ ఇటువంటిదే. ఆహారం తరిగిపోయినప్పుడు వారు ఉన్నదంతా ఒక వస్త్రంలో పోసి, ఒకే పాత్రతో సమంగా పంచుకునేవారు. వారు నావారు, నేను వారివాడనని దైవప్రవక్త (స) వారిని మెచ్చుకున్నారు.

పరిమితి పెట్టడం సులువే. న్యాయంగా అమలు చేయడమే కష్టం. పదిమంది ఉన్న ఉమ్మడి కుటుంబానికీ, ఒంటరిగా చదువుకునే విద్యార్థికీ ఒకటే సంచి అంటే అది సమానంగా కనిపించే అసమానత. వీలైనచోట తలలను బట్టి ఇవ్వాలి, పెద్ద సంచి విప్పి ఐదేసి కిలోలు కాటా వేసి ఇవ్వాలి. పరిమితి ఎంతో తలుపు దగ్గరే రాసి ఉండాలి. గంటసేపు నిలబడినవానికి గల్లాపెట్టె దగ్గర ఆ సంగతి చెప్పడం అవమానించడమే. అన్నిటికన్నా ముఖ్యం, వెనుక తలుపు ఉండకూడదు. ముందు వాకిట ‘ఒక్క సంచి’ అని రాసి, బావమరిది ఇంటికి పెరటి దారిన ఐదు పంపేవాడు పరిమితి పెట్టనివాని కన్నా హీనం. అతడు అన్యాయానికి న్యాయం ముసుగు తొడిగాడు. ఏళ్ల తరబడి ఖాతా నడిపే పాత గిరాకీకి అతని మామూలు నెల సరుకు కేటాయించడంలో మాత్రం తప్పు లేదు. అతడు భయంతో రాలేదు, అలవాటుగా వచ్చాడు. బియ్యం కావాలంటే అమ్ముడుపోని పప్పు కూడా కొనాలని షరతు పెట్టడం మరో దుర్మార్గం. క్రయవిక్రయాలు ఉభయుల ఇష్టంతో జరగాలన్న దైవాజ్ఞకు అది బొత్తిగా విరుద్ధం.

వదంతుల విషయంలోనూ దుకాణదారుని మాటకు చాలా బలముంది. 2016 నవంబరులో, పెద్ద నోట్లు రద్దయిన మూడు రోజులకే, ఉప్పు దొరకదన్న పుకారు ఢిల్లీ, ఉత్తరప్రదేశ్‌ల నుంచి హైదరాబాద్ దాకా పాకింది. నౌపడలో, చినగంజాంలో ఉప్పు మడులున్న తెలుగువారు కూడా నమ్మేశారు! వార్త వచ్చినప్పుడు నిజానిజాలు విచారించమనీ, తెలిసినవారికి నివేదించమనీ ఖుర్ఆన్ బోధిస్తోంది. సరుకు గురించి తెలిసినవాడు దుకాణదారుడే. ‘మళ్లీ వస్తుందా?’ అని అడిగినవానికి ‘గురువారం బండి వస్తుంది’ అని నిజం చెబితే వరుస సగం కరుగుతుంది. గోదాములో సరుకుంచుకుని ‘అయిపోయింది’ అంటే మాత్రం అది అబద్ధం, అక్రమ నిల్వ రెండూనూ. ఇరుపక్షాలూ నిజం చెప్పి, లోపాలు దాచకుంటే ఆ బేరంలో శుభం కలుగుతుందని హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖనం తెలుపుతోంది.

మన దేశంలోని దుకాణదారులకు చట్టపరమైన కట్టడీ ఉంది. ప్యాకెట్టు మీద ముద్రించిన గరిష్ఠ ధరకు మించి తీసుకోరాదు. 2020 మార్చిలో కేంద్ర ప్రభుత్వం మాస్కులనూ, శానిటైజర్లనూ నిత్యావసరాల జాబితాలో చేర్చి, రెండు పొరల మాస్కుకు 8 రూపాయలు, మూడు పొరల మాస్కుకు 10 రూపాయలు, 200 మిల్లీలీటర్ల శానిటైజర్‌కు 100 రూపాయలు గరిష్ఠ ధరలుగా ప్రకటించింది. ప్రజాహితం కోరే ఇటువంటి ఉత్తర్వును పాటించడం ముస్లిం వ్యాపారి విధి. విడిగా తూచి ఇచ్చే బియ్యం, కూరగాయల మీద ఏ ధరా ముద్రించి ఉండదు; అక్కడ కాటా పట్టినవాని దైవభీతే కట్టడి.

చివరగా ఒక చిన్న విషయం, తరచుగా మరచిపోయేది. పరిమితి కాగితం అతికించిన రోజే దానిని తీసివేసే షరతు కూడా నిశ్చయించుకోవాలి: ఫలానా సరుకు దిగగానే, లేదా వరుస మామూలు స్థాయికి రాగానే. తలుపు మీద ఆ కాగితం వేలాడుతున్నంత కాలం, లోపలికి వచ్చే ప్రతివానికీ కొరత ఇంకా ఉందనే అది చెబుతూ ఉంటుంది.