మీకు తెలుసా? రాళ్లకు సిద్ధపడిన దర్శకుడు, సిరా పాలైన తెర

స్పెయిన్ దేశీయుడైన దర్శకుడు లూయిస్ బున్యుయెల్, చిత్రకారుడు సాల్వడార్ డాలీతో కలసి రచించిన ‘అన్ షియెన్ ఆందలూ’ అను లఘు మూకచిత్రమును 1929లో పారిస్ నగరమున తొలిసారి ప్రదర్శించినపుడు, ప్రేక్షకులు తనపై తిరుగబడుదురేమోయని శంకించి, జేబులలో రాళ్లు నింపుకొని తెరవెనుక నిలిచి, గ్రామఫోనుపై ఒకమారు టాంగో పాటలను, ఒకమారు వాగ్నర్ సంగీతమును మార్చి మార్చి వినిపించుచుంటినని తన స్మృతులలో చెప్పుకొనెను. ఆ చిత్రమున మంగలికత్తి స్త్రీ కన్నును చీల్చు బీభత్స దృశ్యమునకు వాడినది చచ్చిన దూడ కన్ను. అయినను ఆట ముగియగనే కరతాళధ్వనులు మిన్నుముట్టినవి. రాళ్లతో పని లేకపోయెను.

ఆ భాగ్యము మఱుసటి చిత్రమైన ‘లాజ్ దోర్’కు పట్టలేదు. నోఆయ్ ప్రభువు ధనసహాయముతో వెలువడి, మతాచారములను, సంపన్నుల మర్యాదలను ఎద్దేవా చేసిన ఈ చిత్రము పారిస్‌లోని స్టూడియో 28 అను సినిమాశాలలో ఆడుచుండగా, 1930 డిసెంబరు 3న ఛాందస దేశభక్త సంఘముల వారు తెరపై సిరా చల్లి, పొగబాంబులు విసరి, ఆసనములు విఱుగగొట్టి, వసారాలో వ్రేలాడుచుండిన డాలీ, మీరో, మాక్స్ ఎర్న్‌స్ట్ ప్రభృతుల చిత్రపటములను కోసివైచిరి. అల్లరి చేసినవారిని దండించుటకు మాఱుగా, పోలీసు అధిపతి జాఁ షియాప్ కొలది దినములలోనే చిత్రమును నిషేధించెను! ఫ్రాన్సు ప్రజలు దానిని థియేటర్లలో నిరాటంకముగ చూడగలుగుటకు 1981 దాకా, అనగా అర్ధశతాబ్దము, వేచియుండవలసి వచ్చెను.