మబ్బు పట్టిన రోజున కిరణం ఎందుకు రాదు?

ఏటా మార్చి 9, 10 ప్రాంతంలోనూ, మళ్లీ అక్టోబరు 1, 2 ప్రాంతంలోనూ పొద్దు పొడవగానే అరసవల్లి గుడిలోకి ఎండ నేరుగా దూరి సూర్యనారాయణస్వామి పాదాలను తాకుతుంది. ఆ రోజుల్లోనే ఎందుకంటే, పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి రోజుకు సుమారు పది రోజుల ముందు, సెప్టెంబరు రోజుకు సుమారు పది రోజుల తర్వాత సూర్యుడు దాదాపు ఒకే చోట ఉదయిస్తాడు: తూర్పుకు నాలుగు డిగ్రీలు దక్షిణంగా.

ఆ వేకువన మబ్బు పట్టిందా, ఆకాశమంతా తెల్లగా వెలుగుతున్నా గర్భగుడిలోకి కిరణం రాదు. భక్తులు ఉసూరుమంటూ వెనుదిరుగుతారు. వెలుతురు ఉంది, దానికి దిశ పోయింది.

మబ్బులోని నీటి తుంపరల్లోకి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కాంతి వంగుతుంది. పదేపదే వంగి చెల్లాచెదురవుతుంది. మసక గాజు, ఫైబరు రేకు, తెల్ల కాగితం చేసే పనీ ఇలాంటిదే. కాగితపు నారకు వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) సుమారు 1.5, నారల సందుల్లోని గాలికి 1. బజ్జీల పొట్లానికి నూనె అంటితే ఆ సందులు నూనెతో నిండుతాయి. నూనె గుణకం నారకు దగ్గర కాబట్టి కాంతి అంతగా చెదరదు. మరక పడ్డచోట అవతలి అక్షరాలు కనబడతాయి.

తొలి కిరణం కోసం ఎదురుచూసే గుడికి ఈ చెదరడం నష్టం. అరసవల్లికి దగ్గర్లోని ఎచ్చెర్లలో బడి గదికో, పని షెడ్డుకో మాత్రం కావలసింది అదే. వెలుతురును లక్సుల్లో కొలిస్తే నడినెత్తి ఎండ సుమారు లక్ష. చదువుకోవడానికి 300 నుంచి 500 చాలు. పెంకుటింటి కప్పులోని అద్దం పెంకు నేలమీద ఒక్కచోట కళ్లు చెదిరే ఎండ ముక్కను పడేస్తుంది, మూలల్లో మసక మిగులుతుంది. అక్కడే మసక గాజు పెడితే మొత్తం వెలుగు కాస్త తగ్గినా మూలమూలకూ అందుతుంది, నీడల అంచులు మెత్తబడతాయి. నాకు ఈ విషయంలో అబ్బురమనిపించే కట్టడం అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయపు బైనెకీ గ్రంథాలయం. 1963లో తెరిచిన ఆ భవనంలో అరుదైన పుస్తకాలపై ఎండ పడకుండా, సుమారు మూడు సెంటీమీటర్ల మందం పాలరాతి పలకల గుండానే వెలుతురు వస్తుంది. అక్కడ గోడే కిటికీ.

అయితే చెదిరినంత మాత్రాన వేడి పోదు. సూర్యశక్తిలో దాదాపు సగం కంటికి కనబడని పరారుణ కిరణాలే. అందుకే మన ఎండలకు కప్పునిండా ఫైబరు రేకులు పరచడం తప్పు. పైగా అతినీలలోహిత కిరణాలకు అవి పసుపు రంగుకు తిరిగి మసకబారతాయి. ఉత్తరపు గోడలో, ఎత్తున, నిలువుగా మసక గాజు పెట్టడం మేలు. ఈ ప్రాంతంలో మే నడుమ నుంచి జులై చివరిదాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరాన ఉంటాడు. నిలువు గోడకు ఆ ఎండ రాసుకుంటూ పోతుంది. ఉదయం, సాయంత్రం ఏటవాలుగా పడే ఎండను గాజు చెదరగొడుతుంది.