గూఢచారియు గృహమును

గూఢచారి చిత్రములన్నచో మగపిల్లల వేడుకలని మనలో ననేకులు తలంతురు. తుపాకులు, పరుగులు, ప్రేలుళ్లు. వీనిలో గృహిణికి గావలసినదేమి యని యడుగుదురు. మా సమాధానము వేఱు.

మా బిట్రగుంట రైలువారి యూరు. ఆవిరి యింజనులకాలమున నిచ్చట గొప్ప షెడ్డుండెడిది. అర్ధరాత్రమున పిలుపు రాగానే డ్రైవరులు, గార్డులు డ్యూటీకి బోవుచుండిరి. ఇల్లాలు అన్నపు క్యారేజి యందిచ్చి తలుపు వైచుకొనెడిది. అయినను భర్త గూడూరువైపు పోయెనో బెజవాడవైపు పోయెనో యామె యెఱుగును. గూఢచారి యింట నాపాటి యెఱుకయు నుండదు. ఈ భేదమును మనసున నుంచుకొని చూచినచో నీ చిత్రములు మఱొకరీతిగ గన్పట్టును.

తెలుగున నీ జాతి చిత్రములకు దారిచూపినది 1966లో వచ్చిన 'గూఢచారి 116'. డూండీగారి చిత్రము, మల్లికార్జునరావుగారు దర్శకులు, కృష్ణ, జయలలిత నాయికానాయకులు. మఱుసటియేడే దీనిని హిందీలో 'ఫర్జ్' అను పేర దీసిరి. 2018 ఆగస్టులో శశికిరణ్ తిక్క దర్శకత్వమున వెలువడిన 'గూఢచారి'యందును నాయకుని పేరు, కృష్ణ పాత్రవలెనే, గోపి. పెద్దలకు జేసిన నమస్కారమిది.

ఈ క్రొత్తచిత్రమునకు బలము పాత్రల సమూహము. గోపి (అడివి శేష్) చిన్ననాడే తండ్రికి దూరమై, సత్య (ప్రకాశ్‌రాజ్) చేత మాఱుపేరుతో పెంపబడెను. పిల్లవాని ప్రాణము గాచుటకు వాని పేరే తీసివేయుట! తల్లులైనవారికి నీ ఘట్టము తుపాకిమ్రోతకన్న గట్టిగ దాకును. అతనిని ప్రేమించిన సమీర (శోభితా ధూళిపాళ) త్రినేత్ర యను రహస్యశాఖ పక్షమున నతని గనిపెట్టుచుండినదే. ఆ ప్రేమయు నిజమే యని చిత్రము చెప్పును. మాకు మాత్రము పూర్తిగ నమ్మిక కలుగలేదు. రాణా (జగపతిబాబు) యెవరో చూడనివారికై యిచ్చట జెప్పము. నవ్వించుటకు వెన్నెల కిశోర్ గలడు.

మమ్ము మిక్కిలి యాకర్షించినది నదియా ఖురేషి. ఆ పాత్ర ధరించిన సుప్రియ యార్లగడ్డ, అక్కినేని నాగేశ్వరరావుగారి మనుమరాలు. 1996లో 'అక్కడ అమ్మాయి ఇక్కడ అబ్బాయి'లో నాయికయై, 22 ఏండ్లకు మరల తెరపై గన్పించెను. నదియాకు యుగళగీతము లేదు; ఆమె యధికారిణి, మగవారామె యాజ్ఞకై నిలుచుందురు. జయలలిత నాటి నాయికకు పాటలును వలపును దక్కెను గాని యీ కుర్చీ దక్కలేదు. అయిన నీ నదియా యే వేళకు ఇల్లు చేరునో, ఆమెకై అన్నముపై మూతవైచి యెవరేని కాచుకొనియుందురో చిత్రము చెప్పదు. సత్య పెంపకమును జూపుటకు దీరిక యున్నవారికి ఆమె వాకిలిని జూపుటకు దీరికలేకపోయెను!

2023 జనవరిలో 'జీ2' యను రెండవభాగపు తొలిదృశ్యములు వెలువడెను. దర్శకుడు వినయ్‌కుమార్ సిరిగినీడి. పిమ్మట ఇమ్రాన్ హాష్మీ, వామికా గబ్బీ యందు జేరిరని ప్రకటించిరి. ఆ నటీనటుల పట్టికలు పత్రికలలో వచ్చినప్పుడెల్ల మేము మొదట వెదకినది నదియా పేరే.