మామిడాకుల్ని కుట్టేదెవరు?

విస్సన్నపేట మామిడి తోటల్లో, ఆకుల్ని దగ్గరకు లాగి అతికించినట్టుండే గూళ్లను చూసే ఉంటారు. అవి ఎర్రచీమల పని. ఆకుల్ని కత్తిరించే చీమలు వేరు, అవి అమెరికా ఖండాల్లోనే ఉంటాయి. ఆ ముక్కల మీద బూజు పెంచి, దాన్ని తింటాయి. మనవి కోయవు, కుడతాయి.

ఎలా? కొన్ని చీమలు వరుసగా నిలబడి రెండు ఆకుల అంచుల్ని దగ్గరకు లాగుతాయి. ఎడం ఎక్కువైతే ఒకదాని నడుము ఒకటి పట్టుకుని గొలుసు కడతాయి. మరి దారం? పెద్ద చీమలకు పట్టు తీయడం రాదు. అందుకని తమ పిల్లపురుగుల్ని నోట కరుచుకొచ్చి, ఈ అంచుకూ ఆ అంచుకూ తాకిస్తాయి. మగ్గంలో నాడె ఆడినట్టే! పాపం, పట్టంతా ఇంటికే ఇచ్చేసిన ఆ పిల్లలకు సొంత గూడు మిగలదు.

తోటకు ఇవి మేలా, కీడా? చైనాలో సుమారు 1,700 ఏళ్ల కిందటే నారింజ తోటల్లో పురుగుల్ని పట్టేందుకు ఈ జాతి చీమల గూళ్లు అమ్మేవారట. కానీ తీపి ద్రవం కోసం పిండినల్లిని కాపాడేదీ ఇవే. కాయలు కోసేవాళ్లను కరిచి ఆమ్లం చిమ్మేదీ ఇవే.

మీ తోట సంగతి మీరే తేల్చండి. రైతును అడిగి, సైన్సు మాస్టారితో కలిసి, చీమలున్న చెట్లు కొన్ని, లేనివి కొన్ని ఎంచుకోండి. అన్నీ ఒకే రకం మామిడి కావాలి: రసాలైతే అన్నీ రసాలే, కలెక్టరైతే అన్నీ కలెక్టరే. వారానికోసారి, ఒకే వేళకు, పురుగు పట్టిన ఆకులు లెక్కపెట్టి పట్టికలో రాయండి. ఏమీ కనబడకపోతే సున్నా వేయండి, గడి ఖాళీగా వదలొద్దు. మందు కొట్టిన తేదీ రాయండి. గూళ్లు మాత్రం పీకకండి.